ఉప్పునీటి బోటు ఇంజన్లకు ఎగ్జాస్ట్ మానిఫోల్డు మార్పిడి: ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలు

(ప్రత్యేక వ్యాసం)

తీరానికి దూరంగా వేట సాగించే మరబోటుకు ఇంజనే ప్రాణాధారం. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిన బోటు గాలికీ, ప్రవాహానికీ కొట్టుకుపోతుంది. పట్టిన చేప పాడవుతుంది, సరంగు, కలాసీల ప్రాణాలకు ముప్పు వాటిల్లుతుంది. ఇంజను ఆగిపోవడానికి గల కారణాలలో అంతగా చర్చకు రానిది ఎగ్జాస్ట్ మానిఫోల్డు వైఫల్యం. ఇంజను పక్కన నిశ్చలంగా కనిపించే ఈ లోహపు భాగం లోలోపలే క్షీణించి, ఒకనాడు హఠాత్తుగా ఇంజనును నిరుపయోగం చేస్తుంది. పాత మానిఫోల్డుకు బదులు కొత్తది ఎంపిక చేసుకునేటప్పుడు చాలామంది యజమానులు ధరను, బోల్టు రంధ్రాల కొలతను మాత్రమే చూస్తున్నారు. వాస్తవానికి మొదట చూడవలసినది ఆ మానిఫోల్డు గుండా ఏ నీరు ప్రవహిస్తుందన్న విషయం. మిగిలిన నిర్ణయాలన్నీ దానిపైనే ఆధారపడి ఉంటాయి.

మానిఫోల్డు నిర్వహించే పని:

ఇంజను సిలిండర్లలో ఇంధనం మండిన తరువాత వెలువడే వేడి వాయువులను ఒక్కచోట చేర్చి బయటకు పంపే భాగమే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. పూర్తి భారంపై నడిచే డీజిల్ ఇంజనులో ఈ వాయువుల ఉష్ణోగ్రత సాధారణంగా 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. పెట్రోలు ఇంజనులో ఇంకా అధికం. రోడ్డుపై వెళ్లే లారీలో మానిఫోల్డుకు ఎదురుగాలి తగిలి కొంత వేడిని తీసుకుపోతుంది. బోటులో ఇంజను డెక్కు కింద మూసి ఉన్న గదిలో ఉంటుంది. చుట్టూ కలప లేదా ఫైబర్‌గ్లాసు, సమీపంలోనే డీజిల్ ట్యాంకు, నూనె మరకలు ఉంటాయి. అందువల్ల బోటు మానిఫోల్డును రెండు పొరలుగా నిర్మించి, లోపలి పొరలో వాయువులు, వెలుపలి పొరలో చల్లబరిచే నీరు ప్రవహించే ఏర్పాటు చేస్తారు. ఈ వెలుపలి పొరనే నీటి జాకెట్ అంటారు. మానిఫోల్డు చివర పైకి లేచే భాగాన్ని రైజర్ అనీ, అక్కడినుంచి కిందికి వంగే గొట్టాన్ని ఎల్బో అనీ వ్యవహరిస్తారు. అనేక ఇంజన్లలో చల్లబరచిన నీరు ఎల్బో వద్ద వాయువులతో కలిసి, రబ్బరు గొట్టం ద్వారా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

నీటి మార్గాన్ని బట్టి మూడు పద్ధతులు:

మొదటి పద్ధతిలో సముద్రపు నీరే నేరుగా ఇంజనులోనూ, మానిఫోల్డులోనూ ప్రవహిస్తుంది. రెండవ పద్ధతిలో ఇంజనులో మంచినీరు, కూలెంట్ కలిసిన ద్రవం తిరుగుతూ ఉంటుంది. ఆ ద్రవాన్ని ఉష్ణవినిమయ పరికరం, అనగా హీట్ ఎక్స్ఛేంజర్ ద్వారా సముద్రపు నీరు చల్లబరుస్తుంది. ఈ పద్ధతిలో రెండు రకాలున్నాయి. కొన్ని ఇంజన్లలో మానిఫోల్డుకు కూడా మంచినీరే అందుతుంది. మరికొన్నింటిలో ఇంజనుకు మంచినీరు, మానిఫోల్డుకు మాత్రం ఉప్పునీరు అందుతుంది. మూడవ పద్ధతిలో బోటు అడుగున వెలుపల అమర్చిన గొట్టాలలో మంచినీరు తిరిగి చల్లబడుతుంది. దీనిని కీల్ కూలింగ్ అంటారు. ఇందులో మానిఫోల్డుకు ఉప్పునీరు తగలదు.

ఇంజనుకు మంచినీరు వాడుతున్నామన్న ధీమాతో మానిఫోల్డుకూ మంచినీరే వెళుతోందని భావించడం తరచుగా జరిగే పొరపాటు. కొత్త భాగం కొనే ముందు గొట్టాల వెంట వెళ్లి, సముద్రపు నీటి పంపు నుంచి మానిఫోల్డు వరకు నీటి దారిని ప్రత్యక్షంగా పరిశీలించుకోవాలి. ఎల్బో వద్ద సముద్రపు నీరు కలిసే బోటులో మానిఫోల్డు ఎంత భద్రంగా ఉన్నప్పటికీ ఎల్బో ఉప్పునీటి బారిన పడుతూనే ఉంటుంది.

ఉప్పునీరు కలిగించే క్షీణత:

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వర్షాకాలంలో గోదావరి, కృష్ణా వరదనీరు చేరినప్పుడు మన తీరజలాలలో ఉప్పదనం కొంత తగ్గినా, లోహానికి రక్షణ కలిగేంతగా తగ్గదు. వెచ్చని నీటిలో తుప్పు చర్య వేగంగా సాగుతుంది. కనుక శీతల దేశాల అనుభవం ఆధారంగా చెప్పే ఆయుఃప్రమాణాలను ఉష్ణమండల సముద్రాలకు యథాతథంగా అన్వయించరాదు. ఉప్పునీరు నేరుగా ప్రవహించే పోత ఇనుప మానిఫోల్డుకు 5 నుంచి 7 సంవత్సరాల ఆయువును సాధారణ పరిమితిగా పరిగణిస్తారు. నిత్యం పనిచేసే బోట్లలో అంతకు ముందే మార్చవలసి రావచ్చు. ఎల్బోలు ఇంకా త్వరగా చెడిపోతాయి.

పోత ఇనుములో జరిగే నష్టం విలక్షణమైనది. ఉప్పునీరు అందులోని ఇనుమును క్రమంగా కరిగించివేసి, గ్రాఫైటును మాత్రం మిగులుస్తుంది. ఫలితంగా వస్తువు ఆకారం, మందం మునుపటి వలెనే కనిపిస్తాయి, బలం మాత్రం ఉండదు. అటువంటి చోట కత్తి మొనతో గీస్తే పెన్సిలు ముక్క వలె మెత్తగా రాలుతుంది. పైన రంగు వేసిన పాత మానిఫోల్డును కంటితో చూసి బాగున్నదని నిర్ధారించడం ఇందువల్లనే ప్రమాదకరం.

దీనికి తోడు, నీరు అధికంగా వేడెక్కినప్పుడు అందులోని లవణాలు జాకెట్ గోడలపై పేరుకుని నీటి దారిని ఇరుకు చేస్తాయి. ఉప్పునీరు నేరుగా వాడే ఇంజన్లలో థర్మోస్టాట్‌ను దాదాపు 60 డిగ్రీల వద్దనే తెరుచుకునేలా అమర్చడానికి కారణమిదే. డీజిల్‌లోని గంధకం వల్ల ఏర్పడే ఆమ్లం కూడా ఎల్బోను తినివేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణం డీజిల్‌లో గంధకాన్ని కిలోకు 10 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. దీనివల్ల ఆమ్లం బాధ తగ్గినా ఉప్పు బాధ తగ్గలేదు.

వైఫల్యం పర్యవసానాలు:

నీటి జాకెట్‌కూ వాయు మార్గానికీ మధ్య గోడ చిల్లుపడితే, ఇంజను ఆగి ఉన్న సమయంలో నీరు తెరుచుకుని ఉన్న వాల్వు గుండా సిలిండరులోకి చేరుతుంది. గాలి వలె నీరు ఒత్తిడికి కుదించుకుపోదు. మరునాడు ఇంజను తిప్పినప్పుడు పిస్టన్ ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కొక్కసారి విరిగి ఇంజను బ్లాకును పగులగొడుతుంది. ఒక విడిభాగంతో తీరవలసిన ఖర్చు అప్పుడు మొత్తం ఇంజను ఖర్చుగా మారుతుంది.

వెలుపలి గోడ గాని, జాయింటు గాని చెడిపోతే వాయువులు ఇంజను గదిలోకీ, సిబ్బంది నిద్రించే చోటికీ వ్యాపిస్తాయి. వాటిలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. డీజిల్ ఇంజన్లలో ఇది పెట్రోలు ఇంజన్లలో కంటె తక్కువే అయినా, మూసిన గదిలో ప్రాణాపాయం కలిగించగలదు. నీరు అందని మానిఫోల్డు అతిగా వేడెక్కి సమీపంలోని కలపకు, నూనెకు నిప్పంటించే అవకాశమూ ఉన్నది.

మార్పిడి అవసరాన్ని సూచించే లక్షణాలు:

జాయింట్ల వద్ద తుప్పు చారలు లేదా తెల్లని ఉప్పు పొర, మానిఫోల్డుపై రంగు మాడి పొరలుగా ఊడిపోవడం, రాత్రి ఆపిన ఇంజను ఉదయం తిప్పేటప్పుడు బిగుసుకున్నట్లు ఉండడం, ఇంజను నూనె పాలరంగుకు మారడం, పొగగొట్టం నుంచి వచ్చే నీటి ప్రవాహం తగ్గి ఆవిరి అధికం కావడం, మంచినీటి కూలెంట్ కారణం తెలియకుండా తగ్గిపోవడం ప్రధాన సంకేతాలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంజనును బలవంతంగా తిప్పరాదు. ఇంజక్టర్లను లేదా స్పార్క్ ప్లగ్గులను తీసి, సిలిండర్లలో నీరు లేదని నిర్ధారించుకున్న తరువాతే ముందుకు సాగాలి.

మానిఫోల్డు చెడిపోవడానికి అసలు కారణాన్ని కూడా గుర్తించాలి. సముద్రపు నీటి పంపులోని ఇంపెల్లర్ అరిగిపోవడం, నీరు తీసుకునే జల్లెడకు గుల్లలు, నాచు పట్టడం వల్ల నీరు తగ్గి మానిఫోల్డు మాడిపోయి ఉంటే, కొత్తది బిగించినా కొద్ది నెలలలోనే అదే స్థితి పునరావృతమవుతుంది.

లోహం ఎంపిక:

సాధారణ పోత ఇనుము చవకైనది, వేడికి తట్టుకుంటుంది, మరమ్మతు సిబ్బందికి పరిచితమైనది. ఉప్పునీరు నేరుగా ప్రవహించే ఇంజన్లకు కూడా తయారీదారులు విస్తృతంగా వాడేది ఇదే. దీనిని నిర్ణీత కాలంలో మార్చవలసిన వస్తువుగా భావించి వాడుకుంటే నష్టం లేదు. గోళాకార గ్రాఫైటు గల ఎస్.జి. ఇనుము దీనికంటె దృఢమైనది, పగుళ్లకు సులభంగా లోబడదు. అయితే ఉప్పునీటిలో తుప్పు పట్టే స్వభావం దీనికీ ఉన్నది.

అల్యూమినియం తేలికైనది. మంచినీరు, తుప్పు నిరోధక కూలెంట్ తిరిగే మానిఫోల్డులకు ఇది సరిపోతుంది. రక్షణ పూత లేని అల్యూమినియంలో ఉప్పునీరు ప్రవహింపజేయడం, రాగి, ఇత్తడి భాగాలను దానికి నేరుగా తాకేలా బిగించడం తగదు. రెండు భిన్న లోహాల మధ్య ఉప్పునీరు చేరితే విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం వేగంగా కరిగిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్ అన్న పేరుతో అమ్మే ప్రతి వస్తువూ సముద్రానికి తగినది కాదు. 304 రకం ఉప్పునీటిలో గుంటలు పడుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం గల 316 రకం మెరుగైనది. వెల్డింగు చేసే భాగాలకు కర్బనం 0.03 శాతానికి మించని 316ఎల్ రకాన్ని కోరాలి. ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. నీరు నిలిచిపోయే మూలల్లో, ఉప్పు పేరుకున్న చోట్ల, 60 డిగ్రీలకు మించిన వేడిలో 316ఎల్ సైతం గుంటలు పడి, వెల్డింగు అంచుల వెంట పగుళ్లు ఇవ్వగలదు. వెల్డింగు నాణ్యత బాగుండి, నీరు నిలవకుండా జారిపోయే ఆకృతి గల ఎల్బోలకు ఇది మంచి ఎంపిక.

రాగి, నికెల్ మిశ్రమాలు, కంచు సముద్రపు నీటిని చక్కగా తట్టుకుంటాయి. హీట్ ఎక్స్ఛేంజర్లలో, నీటి గొట్టాలలో వాటి వినియోగం సముచితమే. గంధకంతో కూడిన వేడి వాయువులు నేరుగా తగిలే చోట మాత్రం అవి దెబ్బతినే అవకాశమున్నది.

లారీ మానిఫోల్డు వినియోగం:

లారీ ఇంజనును సముద్ర వినియోగానికి మార్చి అమర్చిన బోట్లలో నీటి జాకెట్ లేని లారీ మానిఫోల్డునే కొనసాగించడం కనిపిస్తుంది. బిగింపు కుదిరినంత మాత్రాన అది బోటుకు తగినది కాదు. పెద్ద నౌకలకు వర్తించే అంతర్జాతీయ సోలాస్ నిబంధనల ప్రకారం, 220 డిగ్రీలు మించి వేడెక్కే ఉపరితలంపై నూనె పడి మంటలు చెలరేగే అవకాశమున్నచోట ఉష్ణరోధక కవచం తప్పనిసరి. వేట బోట్లకు ఆ నిబంధన నేరుగా వర్తించకపోయినా, అందులోని హెచ్చరిక వర్తిస్తుంది. పొడి మానిఫోల్డు వాడక తప్పని చోట సిరామిక్ లేదా గాజు పీచు కవచం చుట్టి, ఇంజను గదికి తగినంత గాలి వచ్చే ఏర్పాటు చేయాలి. పూర్వం చుట్టిన ఆస్‌బెస్టాస్ తాడు, గుడ్డ ధూళి ఊపిరితిత్తుల కేన్సర్‌కు దారితీస్తుంది. వాటిని తిరిగి వాడరాదు. విప్పేటప్పుడు తడిపి, ధూళి లేవకుండా తొలగించాలి.

కొలతలు, ఎత్తు:

కొత్త మానిఫోల్డు వాయు మార్గం పాతదాని కంటె ఇరుకుగా ఉండరాదు. మార్గం ఇరుకైతే వాయువులకు ఎదురొత్తిడి పెరిగి ఇంజను శక్తి తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, నల్లపొగ అధికమవుతుంది. టర్బోచార్జర్ గల ఇంజన్లలో ఈ ప్రభావం మరింత తీవ్రం. అనుమతించదగిన ఎదురొత్తిడి ఎంతన్నది ఇంజను తయారీదారు చేతిపుస్తకంలో ఉంటుంది.

ఎల్బోలో నీరు కలిసే స్థానం నీటిమట్టానికి పైన ఉండాలి. అనేకమంది తయారీదారులు ఇందుకు కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తును కోరుతారు. ఈ ఎత్తును ఖాళీ బోటులో కొలిస్తే ప్రయోజనం లేదు. ఐసు, డీజిల్, మంచినీరు, చేపలతో బోటు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. ఎత్తు చాలనిచోట పొడవైన రైజర్ ఎంచుకోవాలి. లేనిపక్షంలో వెనుక నుంచి వచ్చే అల నీటిని ఇంజనులోకి నెట్టే ప్రమాదమున్నది.

అసలు విడిభాగమా, ఇతర తయారీయా:

ఇంజను తయారీదారు సరఫరా చేసే విడిభాగం కొలతలలో, లోహంలో నమ్మదగినది. ఇతర సంస్థల తయారీ కూడా నాణ్యమైనదైతే వాడుకోవచ్చు. స్థానిక ఫౌండ్రీలో పాతదాన్ని నమూనాగా పెట్టి పోత పోయించే పక్షంలో మరింత జాగ్రత్త అవసరం. అరిగిపోయిన నమూనా నుంచి తీసిన అచ్చులో గోడ మందం తగ్గుతుంది. లోపలి అచ్చు ఇసుక పూర్తిగా తొలగించకపోతే నీటి దారి మూసుకుపోతుంది. సాధారణ పోత ఇనుముకు భారత ప్రమాణం ఐ.ఎస్. 210, ఎస్.జి. ఇనుముకు ఐ.ఎస్. 1865. ఈ ప్రమాణాల ప్రకారం లోహం గ్రేడును బిల్లుపై రాయించుకుని, పరీక్షా ధ్రువపత్రం కోరడం కొనుగోలుదారుని హక్కు.

ధరను ఆయువుతో కలిపి లెక్కించాలి. సగం ధరకు దొరికిన వస్తువు మూడో వంతు కాలమే పనిచేస్తే, అది ఒకటిన్నర రెట్లు ఖరీదైనట్లే. కోల్పోయిన వేట రోజులు దీనికి అదనం. వాడి తీసిన మానిఫోల్డు ఎంత చవకగా లభించినా, దాని లోపలి గోడ స్థితి కొనుగోలుదారునికి కనిపించదు. కనుక ఉప్పునీటి వినియోగానికి దానిని పరిహరించడమే శ్రేయస్కరం.

అమరిక, పరీక్ష:

మానిఫోల్డుతో పాటు ఎల్బో, గాస్కెట్లు, బోల్టులు, గొట్టపు క్లాంపులు ఒకేసారి మార్చడం మేలు. రెండు వరుసల సిలిండర్లు గల ఇంజనులో ఒకవైపు మానిఫోల్డు చెడితే రెండవదీ అదే వయసులో ఉన్నదని గుర్తించాలి. బిగించే ముందు నీటి జాకెట్ రంధ్రాలను మూసి, దాదాపు 1 బార్ గాలి పీడనంతో నీటి తొట్టిలో ముంచి, బుడగలు రావడం లేదని నిర్ధారించుకోవాలి. సిలిండర్ హెడ్‌తో కలిసే తలం సమంగా ఉన్నదీ లేనిదీ స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌లతో కొలవాలి. గాస్కెట్‌లోని నీటి రంధ్రాలు ఆ ఇంజను నీటి పద్ధతికి సరిపోవాలి. నీరు పోవలసిన చోట మూసి ఉన్న గాస్కెట్ వేస్తే కొత్త మానిఫోల్డు సైతం మాడిపోతుంది.

బోల్టులను మధ్య నుంచి అంచులకు, రెండు మూడు దఫాలుగా, చేతిపుస్తకంలోని కొలత మేరకు టార్క్ రెంచితో బిగించాలి. బోటును జెట్టీ వద్దనే భారంపై నడిపి, నీరు కలిసిన తరువాతి గొట్టం పైభాగం చేత్తో తాకగలిగినంత వెచ్చగా మాత్రమే ఉన్నదని చూసుకోవాలి. ఇంజను చల్లారిన తరువాత బిగింపును చేతిపుస్తకం సూచన మేరకు మరొకసారి సరిచూడాలి. మార్చిన తేదీని, ఇంజను నడిచిన గంటలను పుస్తకంలో నమోదు చేయాలి. వేట ముగిసి వచ్చిన ప్రతిసారీ, ఏర్పాటున్న బోట్లలో, ఉప్పునీటి మార్గాన్ని మంచినీటితో కడిగితే మానిఫోల్డు ఆయువు పెరుగుతుంది.

వేట నిషేధ కాలమే తగిన సమయం:

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం అమలవుతున్నది. 2015కు పూర్వం ఈ వ్యవధి 47 రోజులు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో బోట్ల మరమ్మతులు ముమ్మరంగా సాగేది ఈ రోజులలోనే. నిషేధం ముగిసే వారంలో విడిభాగాల కోసం పరుగులు తీసేవారు దొరికిన వస్తువుతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. నిషేధం మొదలైన వారంలోనే మానిఫోల్డును విప్పి పరిశీలించి, అవసరమైనది అప్పుడే కోరితే ఎంపికకూ, పరీక్షకూ వ్యవధి లభిస్తుంది.

ఇంజను నిర్వహణలో శిక్షణకు రాష్ట్రంలో సంస్థలున్నాయి. 1963లో కొచ్చిలో ఆరంభమైన కేంద్ర మత్స్య నౌకా, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ, సిఫ్‌నెట్, 1981 నుంచి విశాఖపట్నంలో శాఖను నడుపుతున్నది. మెరైన్ ఫిట్టర్ కోర్సు ఈ సంస్థ శిక్షణలో ప్రధానమైనది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు:

బోటు తనిఖీలో ఇంజను గది చూసే అధికారులు మానిఫోల్డు నీటి పద్ధతి, చివరిసారి మార్చిన తేదీ, ఎల్బో ఎత్తు, జాయింట్ల స్థితి, ఉష్ణరోధక కవచం అన్న ఐదు విషయాలను నమోదు చేసుకుంటే బోటు భద్రతపై స్పష్టమైన అంచనా ఏర్పడుతుంది. సముద్రంలో బోటు ఆగిపోయిన సంఘటనను నివేదించే పాత్రికేయులు ‘ఇంజన్ చెడిపోయింది’ అన్న మాటతో ఆగక, ఏ భాగం విఫలమైనదో, అది ఎన్నేళ్లుగా వాడుకలో ఉన్నదో అడిగి రాస్తే, ఆ వార్త మిగిలిన బోటు యజమానులకు ముందస్తు హెచ్చరికగా ఉపకరిస్తుంది. బోటు యజమాని విషయంలో మాత్రం కర్తవ్యం స్పష్టం: నీటి దారిని తెలుసుకుని, దానికి తగిన లోహాన్ని ఎంచి, కాలపరిమితి ముగియక ముందే మానిఫోల్డును మార్చుకోవాలి.